ఎమ్మిగనూరులో దిగలేక ఆదోని దాకా పోయిన రోజు

ఈ ప్రయాణానికి కారణం నేను చదవకుండా తుడిచేసిన ఒక మెసేజ్. అది ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక. కర్నూలులో ఒక బీమా ఆఫీసులో గుమాస్తాను నేను. నాలుగేళ్ళుగా నెలకో రోజు సెలవు పెట్టి ఆదోని, ఎమ్మిగనూరు వైపు ప్రభుత్వ హైస్కూళ్ళకు వెళ్ళి పదో తరగతి పిల్లలతో కూర్చుంటున్నాను. పది తర్వాత ఏమేం చదవొచ్చు, దేనికి ఏ పరీక్ష రాయాలి, హాస్టలు ఎక్కడ దొరుకుతుంది, ఇవీ మా కబుర్లు. జీతం లేదు, తిండి ఖర్చు నాదే, నడుము నొప్పీ నాదే. మేమూ అలా వెళ్ళాలనుకుంటున్నాం, ఎలా వెళ్ళాలి అని మీలో కొందరు అడుగుతున్నారు కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను. మంచి మాటలే కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఈ ప్రాంతంలో సుగ్గి అని ఒకటుంది. ఇక్కడి చేలల్లో పత్తి పని అయిపోగానే కూలి కుటుంబాలు ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్తారు. రెండు మూడు నెలలు అక్కడే గుడారాలు వేసుకుని ఉంటారు. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వాళ్ళతోనే పోతుంది. అందుకే ఇక్కడ పిల్లల దరఖాస్తులో ఫోన్ నంబరు గడి రాగానే అందరూ తలెత్తి చూస్తారు, సారు నంబరో మేడం నంబరో రాసేస్తారు. పోయినేడు ఎమ్మిగనూరు దగ్గరి ఒక ఊళ్ళో తొమ్మిది మంది పాలిటెక్నిక్ ఎంట్రెన్స్ దరఖాస్తుల్లో నా నంబరే రాయించాను. గొప్పగానే రాయించాను. పరీక్షలో ఎస్తేరు అనే అమ్మాయికి సీటు వచ్చేంత మంచి ర్యాంకు వచ్చింది. మిగతా ఎనిమిది మందీ ఇంటర్లో చేరిపోయారు. ఎస్తేరు మాత్రం మేడం చెప్తుంది కదా అని ఎక్కడా చేరకుండా ఎదురు చూసింది. నేనేమో అప్పు కావాలా, ప్లాటు కావాలా అనే మెసేజ్‌లతో విసిగిపోయి ఒక మధ్యాహ్నం అన్నింటినీ గంపగుత్తగా తుడిచేశాను. సర్టిఫికెట్లు పట్టుకుని ఎస్తేరు ఏ తేదీన రావాలో చెప్పే మెసేజ్ అందులోనే పోయిందని తేదీలు దాటాకే అర్థమైంది. సీట్లన్నీ అయిపోయాక వాళ్ళమ్మ మరియమ్మ ఫోన్ చేసి, "మేడం, ఇంగా ఏం రాలేదా?" అని అడిగింది. సర్వర్ ప్రాబ్లం అని చెప్పాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం ఆదోని పక్క బడిలో నాకు క్లాసు ఉంది. అదే రోజు సాయంత్రం ఎస్తేరు వాళ్ళు సుగ్గి బండి ఎక్కుతున్నారని వాళ్ళ ఊరి టీచరు ఒకాయన ఫోన్లో మాటల మధ్య చెప్పాడు. ఇక తప్పించుకోవడానికి నాకు సాకు మిగల్లేదు. బండి కదిలేలోపు ఆ పిల్లకు నిజం చెప్పాలి. ఈ ఏడాది మళ్ళీ పరీక్ష రాసేలా ఒప్పించాలి. రెండో ఏడూ పోతే పిల్ల ఇక కూలిపనిలోనే ఉండిపోతుంది. ఆ పాపం నన్ను వదలదు.

కర్నూలు బస్టాండులో ఉదయం ఐదున్నరకు ఆదోని బస్సు ఎక్కాను. కోడుమూరు, ఎమ్మిగనూరు మీదుగా పోతుంది, మూడు గంటలకు కాస్త అటూ ఇటూ. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు, మగవాళ్ళయితే నూట యాభై దగ్గర పెట్టుకుని ఎక్కండి. సీటు మాత్రం ఎవరి అదృష్టం వాళ్ళది. నాకు కోడుమూరు దాకా నిలబడే యోగం పట్టింది. ఏడున్నరకు బస్సు ఎమ్మిగనూరులో ఆగినప్పుడు కండక్టరు, "ఎమ్మిగనూరోళ్ళు దిగండప్పా, దిగండి," అని రెండుసార్లు అరిచాడు. బడి తొమ్మిదిన్నరకు. దిగి, ఎస్తేరు ఇంటికెళ్ళి, నాలుగు మాటలు చెప్పి, ఆలస్యమైనా ఇంకో బస్సు పట్టుకోవచ్చు. దిగలేదు. చేతిసంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుని నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాను. యాభై రెండేళ్ళ మనిషిని, పదహారేళ్ళ పిల్లకు భయపడ్డాను.

ఆదోని బస్టాండు బయట ఉగ్గాని తిన్నాను. బొరుగులు నానబెట్టి తాలింపు వేసి, పుట్నాల పొడి కలిపి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తారు. ఈ వైపు వస్తే ఇడ్లీల కోసం వెతుక్కోకండి, ఇదే తినండి. ప్లేటు నలభై. బండి ఆవిడ నన్ను నాలుగేళ్ళుగా చూస్తోంది.

"ఏం మేడం, మొగం వాడిపోయినాదే. రాత్రి నిద్ర లేదా?"

"లేదమ్మా."

"ఇంగో బజ్జీ ఎయ్యమంటారా? నిద్ర అదే వస్తాది."

వేయించుకున్నాను. నిద్ర రాలేదు, గుండెలో మంట వచ్చింది.

అక్కడి నుంచి ఆలూరు రోడ్డులో బడి దాకా షేర్ ఆటో, మనిషికి ముప్పై. జిన్నింగు మిల్లులు దాటేవరకూ గాల్లో పత్తినూగు ఎగురుతూనే ఉంటుంది, ఆస్తమా ఉన్నవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆటో నడిపే ఖాజా మాటకారి. నేనెందుకు వస్తానో అతనికి తెలుసు.

"పిల్లోళ్ళు యాడుండారు మేడం, సగం మంది సుగ్గికి పోయినారు. బెంచీలకు సెప్పి వస్తారా పాఠం?" అన్నాడు. మలుపు తిప్పుతూ, "సరే గానీ, మా పాప ఏడో తరగతి. దాన్ని ఏం సదివియ్యాల?" అని అడిగాడు.

"దాన్నే అడుగు ఖాజా."

"అడిగితే యూట్యూబ్ అంటాది మేడం. అందుకే మిమ్మల్ని అడగతాండా."

బడిలో బెంచీలు నిజంగానే సగం ఖాళీ. ఉన్నవాళ్ళు అవ్వల దగ్గరో, సుగ్గికి పోయినోళ్ళ పిల్లల కోసం బడిలోనే నడిపే హాస్టల్లోనో ఉండి చదువుకుంటున్నవాళ్ళు. మీరేమవుతారు అని నేను అడగను. అడిగితే సగం మంది పోలీసు, సగం మంది డాక్టరు అంటారు, ఆ మాటతో మనం చేయగలిగేదేమీ ఉండదు. నిన్న పొద్దున్న లేచినప్పటి నుంచి ఏమేం పని చేశారో రాయమంటాను. ఒకడు పక్కింటోళ్ళ మందు కొట్టే పంపు విప్పి బాగుచేశాడని రాశాడు. వాడితో ఐటీఐ, పాలిటెక్నిక్ గురించి మాట్లాడాను. ఒక పిల్ల పత్తి తూకంలో కూలీలను కుదిర్చే మేస్త్రి చేసిన తప్పు పట్టుకుందట. ఆ పిల్లకు కామర్స్ అనే చదువు ఒకటుందని ఎవరూ చెప్పలేదు. ఇలాంటప్పుడు మాత్రం నడుము నొప్పి మరిచిపోతాను.

చివరి అరగంట దరఖాస్తు నింపడం నేర్పించాలి. బోర్డు మీద గడులు గీశాను. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. ఫోన్ నంబరు గడి గీయగానే అన్ని తలలూ ఒక్కసారే పైకి లేచాయి.

"మీ నంబరు సెప్పండి మేడం, రాసుకుంటాం."

"నాది వద్దు," అన్నాను. కాస్త గట్టిగానే వచ్చింది గొంతు. తూకంలో తప్పు పట్టుకున్న పిల్లే మెల్లిగా అడిగింది.

"మరి ఎవురిది రాయాల మేడం? మా నాయన ఫోను గుంటూరు పోయినాది."

కనుక్కుని చెప్తానని, ఆ గడి ఖాళీగా వదిలి బోర్డు తుడిచాను. నాలుగేళ్ళుగా ఊరూరా తిరిగి దారి చూపిస్తున్నానని చెప్పుకునే మనిషిని, ఒక్క గడి నింపలేకపోయాను.

ఒంటిగంటన్నరకు ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సు దొరికింది. గంట పట్టింది. ఎమ్మిగనూరు నుంచి ఎస్తేరు వాళ్ళ ఊరికి షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. ఆటో నిండేదాకా కదలదు కాబట్టి ఎండలో అరగంట కూర్చునే ఓపిక తెచ్చుకోండి. నేను చేరేసరికి మూడున్నర. ఇంటి ముందు జొన్నల మూట, గిన్నెలు, చుట్టిన టార్పాలిన్ పట్టా సిద్ధంగా ఉన్నాయి. మరియమ్మ దారికోసం కాల్చిన రొట్టెలు గుడ్డలో పేరుస్తోంది. ఎస్తేరు బట్టల మూట కడుతోంది. ఏడాదిలో పిల్ల చేతులు వాళ్ళమ్మ చేతుల్లా మొరటుదేలిపోయాయి.

"రాండి మేడం, ఇంత ఎండలో వచ్చినారే," అని మరియమ్మ గోనెసంచి దులిపి పరిచింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ ఏదో కబురు మొదలుపెట్టి అసలు మాట దాటేస్తానని నాకు తెలుసు.

"ఎస్తేరూ, పోయినేడు సర్వర్ ప్రాబ్లం అని చెప్పాను కదా. అది అబద్ధం. నీ మెసేజ్ నాకు వచ్చింది. చదవకుండా నేనే తీసేశాను."

మరియమ్మ చేయి రొట్టెల మీద ఆగింది. ఎస్తేరు ముడి బిగించి తలెత్తింది.

"తెలుసు మేడం."

"ఎట్లా తెలుసు?"

"మా వీధిలో మాబున్ని అనే పిల్ల నాకంటే ముందేడు రాసినాది కదా. దాన్ని అడిగినా. వాళ్ళన్న ఫోనుకు మెసేజు వస్తానే పోయినారంట. ప్రతి ఒక్కురికీ వస్తాదంట. సర్వరు నాకొక్కదానికే సెడిపోతాదా?"

"తెలిసి ఒక్క మాటైనా అడగలేదే."

"ఏమని అడిగేది? అమ్మ వద్దన్నాది. మనకోసరం అంత దూరం నుంచి వస్తాండారు, అడిగితే మల్ల రారేమో, వేరే పిల్లోళ్ళకు నష్టమయితాది అన్నాది."

నాకు నిలువునా సిగ్గేసింది. తిట్టుంటే బాగుండేది. రెండు మాటలు పడి, ఇంటికెళ్ళి ఏడ్చేదాన్ని. మరియమ్మ తిట్టలేదు, ఊరుకోండి అనీ అనలేదు.

"ఏడాది పోయినాది మేడం. దానికి ఏం సెప్పినా ఒకటే," అంది. ఉన్నమాటే అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను తొందరపడ్డాను. సుగ్గికి పోవద్దు, కర్నూలులో మా ఇంట్లో ఉండు, పరీక్ష దాకా నేను చదివిస్తాను, అన్నీ నేనే చూసుకుంటాను అన్నాను. ఎస్తేరు వాళ్ళమ్మ వైపు కూడా చూడలేదు.

"లేదు మేడం. ఇద్దరం వస్తామని మేస్త్రికి మాటిచ్చినాం. అమ్మ ఒక్కతే పోతే ఆడ గుడారంలో తోడెవురు?" అంది. తర్వాత మూట విప్పి చూపించింది. చీరల మధ్య పదో తరగతి లెక్కల పుస్తకం, సైన్సు పుస్తకం. లంగా మడతలో ఒక ఫోను. "పత్తి ఏరిన డబ్బులతో కొన్నా. ఈ తూరి దీని నంబరే రాస్తా. ఆడనే ఏదో ఒక నెట్ సెంటరు ఉంటాది, నేనే పోతా."

"నోటిఫికేషన్ రాగానే నేను ఫోన్ చేస్తాను," అన్నాను.

"వద్దులే మేడం, మీకు పనెక్కువ, మరిచిపోతారు. నేనే మీకు సేస్తా," అంది. ఎగతాళి లేదు ఆ గొంతులో. వెటకారంగా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని.

నాలుగున్నరకు బొలేరో వచ్చింది. అందులో అప్పటికే ఇరవై మంది దాకా ఉన్నారు. మూటలు అందించాను, అంతకన్నా నేను పనికొచ్చింది లేదు. మరియమ్మ బండి మీద నుంచి రెండు రొట్టెలు గుడ్డముక్కలో చుట్టి నా చేతిలో పెట్టింది. ఎమ్మిగనూరు వచ్చి కర్నూలు బస్సెక్కి, వాటిని దారిలో ఉత్తవే నమిలాను.

ఇది సగం రాసి నెల దాటింది. మిగతా సగం రాయబుద్ధి కాలేదు. నాలుగేళ్ళు మంచిపని చేస్తున్నాననుకున్నాను, చేశానేమో కూడా. కానీ పిల్లలకు దారి చూపిస్తానని బయల్దేరినవాళ్ళం వాళ్ళ దారికి మనమే గేటు అయిపోతామని, మనం మరిచిపోతే గేటు మూసుకుపోతుందని నాకు తట్టలేదు. చాలా అలసిపోయాను, మానేద్దామనే అనుకున్నాను. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే ఫోన్ మోగింది. వెనక ఎవరో కాయలు ఎత్తుతూ కేకలేస్తున్నారు. "మేడం, దరఖాస్తులు మొదలైనాయి. నాది ఏసినా. ఆదోని పిల్లోళ్ళకు సెప్పినారా?" అంది ఎస్తేరు. అప్పటికి ఆ నోటిఫికేషన్ నేను చూడనేలేదు.

ఇలాంటి పనికి వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సలహా. బస్సులు, ఆటోలు ఎలాగో దొరుకుతాయి. దరఖాస్తులో ఫోన్ నంబరు గడి దగ్గర మాత్రం మీ పెన్ను ఆపండి. ఏ ఇంటి ఫోను ఏ నెలలో ఎక్కడికి పోతుందో ముందే అడగండి, పిల్ల చేతికి అందే నంబరే పిల్ల చేతే రాయించండి. ఏ ఫోనూ అందని పిల్లలకు ఎవరి నంబరు రాయాలో నాకు నిన్నటిదాకా తెలియదు. ఎస్తేరు ఫోన్ పెట్టేసేలోపు ఆ మాటే అడిగాను.

"నాది రాయమనండి మేడం. నేను దినామూ సూస్తా."