మూలబిందువును తాకని గీత: మా సన్యాసిరావు మాస్టారు

చోడవరం కళాశాలలో భౌతికశాస్త్రం బోధించిన సన్యాసిరావు మాస్టారు గత గురువారం ఉదయం దివంగతులయ్యారు. ఆ దుర్వార్తను నాకు చేర్చింది నా సహాధ్యాయిని పైడమ్మ. దేవరాపల్లిలో ఉపాధ్యాయినిగా ఉన్న ఆమె ఆ మధ్యాహ్నమే అనకాపల్లి బస్సు దిగి, నేను పనిచేసే కళాశాల ప్రయోగశాల గుమ్మంలో నిలబడి, “ఒసే సరస్వతీ, మాస్టారు పోయేరే” అన్నది. చేతిలో ఉన్న రికార్డు పుస్తకాన్ని చివరి పుట దాకా దిద్ది మూశాను. ఏం దిద్దానో నాకు గుర్తు లేదు.

మాస్టారిది చీడికాడ దగ్గర ఒక పల్లె. కృషీవల కుటుంబంలో పట్టభద్రుడైన తొలి వ్యక్తి. మితభాషి. కోపం వస్తే గొంతు పెరగడానికి బదులు తగ్గేది. విరిగిన పరికరాన్ని ఎవరికీ పంపకుండా తానే బాగుచేసుకునేవారు. డెబ్బైల తొలినాళ్ళలో, తెలుగులో ఇంటర్మీడియట్ చదువు అప్పుడప్పుడే కుదురుకుంటున్న రోజుల్లో, మేము ఆయన శిష్యులమయ్యాం.

మొదటి పాఠం అనులోమానుపాతం. ఒకటి పెరిగితే రెండోదీ పెరగడమే అనులోమానుపాతమని మేమంతా ముక్తకంఠంతో చెప్పాం. ఆయన ముందు వరుసలోని ఒకడిని లేపారు.

“ఏరా బాబూ, మీ తమ్ముడికి రెండేళ్ళప్పుడు పొడుగెంత?”

“మూడడుగులకి కొంచెం తక్కువండి.”

“అయితే ఇరవయ్యేళ్ళకి ముప్పయ్యడుగులవుతాడేటి? వయసూ పెరుగుతంది, పొడుగూ పెరుగుతంది కదా!”

తరగతి అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. “పెరగడం కాదు, రెట్టింపుకి రెట్టింపు అవుతందో లేదో సూడండి” అన్నారు.

మరునాడు ఒక ఖాళీ బకెట్టును త్రాసుకు తగిలించి, చెంబు తరువాత చెంబు నీళ్ళు పోయించి, ఒక్కొక్కసారీ బరువు చూడమన్నారు. గ్రాఫు గీస్తే చక్కని సరళరేఖ వచ్చింది గాని, అది సున్న దగ్గర మొదలు కాలేదు. “నీళ్ళు లేనప్పుడు బకెట్టు బరువు ఎక్కడికి పోద్ది?” అన్నారు మాస్టారు. గీత తిన్నగా ఉన్నంతమాత్రాన అనుపాతం కాదనీ, అది మూలబిందువు గుండా పోవాలనీ, పోకపోతే కారణం వెతకాలనీ నాకు ఆనాడే అర్థమైంది. కనుక తరువాత నేను చేసినదానికి అజ్ఞానాన్ని సాకుగా చెప్పుకోలేను.

వార్షిక ప్రయోగ పరీక్షలో మా ఆరుగురికీ స్ప్రింగు ప్రయోగం వచ్చింది. బరువులు వేలాడదీసి, స్ప్రింగు సాగిన మేరను కొలిచి, గ్రాఫు గీయాలి. స్ప్రింగులు ఆ ఏడే కొత్తగా వచ్చాయి. యాభై గ్రాములకు నా స్ప్రింగు కదలలేదు. నూరుకూ కదలలేదు. పుస్తకంలో ఆ గీత మూలబిందువు నుంచే బయలుదేరుతుంది. నేను చివరి రీడింగును మాత్రం నిజంగా తీసుకుని, దానిని సమభాగాలు చేసి పట్టిక నింపేశాను. పక్కబల్లలవారు నా కాగితం చూసి అదే చేశారు. పైడమ్మ ఒక్కతే చూసినది చూసినట్టు రాసింది. ఆమె గీత నూరు గ్రాముల దగ్గర మొదలైంది.

బయటి ఊరినుంచి వచ్చిన పరీక్షాధికారి ఆమె కాగితం మీద ఎర్రసిరాతో అడ్డగీత గీశారు. “పుస్తకంలో ఏముంది? ఇదేమిటి?” అన్నారు.

“నానేం సేత్తాను సార్? వంద దాకా అది కదల్నేదండి” అంది పైడమ్మ, కన్నీళ్ళు ఆపుకుంటూ. ఆ పరీక్ష తప్పితే ఆమె చదువు మాన్పిస్తారని మాకందరికీ తెలుసు.

మాస్టారు ముందుకు వచ్చారు. గొంతు బాగా తగ్గింది. “ఈ గుంట అబద్ధం రాయలేదండి. తమరే ఒక్కసారి బరువులు తగిలించి సూడండి.”

పరీక్షాధికారి తగిలించారు. యాభై, నూరు. ముల్లు కదలలేదు. నూటయాభైకి కదిలింది. కొత్త స్ప్రింగు చుట్లు ఒకదానినొకటి అదిమిపట్టి ఉన్నాయనీ, వాటిని విడదీయడానికే తొలి నూరు గ్రాములు సరిపోయాయనీ మాస్టారు వివరించారు. పరీక్షాధికారి న్యాయం ఎరిగినవారే. పైడమ్మ కాగితంపై అడ్డగీత కొట్టివేసి, తలెత్తి మావైపు చూశారు.

“అయితే ఈ అయిదుగురి గీతలు సున్న నుంచి ఎలా బయలుదేరాయి? మొదట ఎవరు రాశారు?”

నేను నేల చూశాను. అయిదుగురినీ ఫెయిల్ చేస్తానన్నారు పరీక్షాధికారి.

“కొత్త స్ప్రింగుల్ని ముందుగా తగిలించి సూసుకోకపోవడం నా పొరపాటండి. వీళ్ళ సేత మళ్ళీ సేయించండి” అన్నారు మాస్టారు. ఆ మాట కాగితం మీద రాసివ్వమంటే నిలబడే రాసి, సంతకం చేశారు. మధ్యాహ్నం మేము అయిదుగురం తిరిగి ప్రయోగం చేసి ఉత్తీర్ణులమయ్యాం. ఆ కాగితం పైకి వెళ్ళింది. దాని ఫలితంగా మాస్టారికి మందలింపు వచ్చిందనీ, రావలసిన పదోన్నతి ఆగిందనీ చాలా ఏళ్ళకుగాని నాకు తెలియలేదు. ఆయన ఏనాడూ ఎవరితోనూ ఆ ప్రసక్తి తేలేదు.

రెండు నెలల క్రితం ఆయన మంచం పట్టారని విని చోడవరం వెళ్ళాను. పిల్లలకు ఏ పాఠం చెబుతున్నానో అడిగారు. చెప్పాను. ఆపైన, “మాస్టారూ, ఆ రోజు అంకెలు మొదట మార్చింది నేనేనండి. మిగతావాళ్ళు నన్ను చూసి రాశారు” అన్నాను.

“తెలుసమ్మా.”

“ఎలాగండి?”

“అయిదు పట్టికల్లోనూ ఒకటే కూడిక తప్పుంది. నీ కాగితంలో మాత్రం దాన్ని కొట్టేసి దిద్దేవు. మిగతావాళ్ళు అంతకుముందే ఎక్కించేసుకున్నారు.”

“మరి పరీక్షాధికారి అడిగినప్పుడు చెప్పలేదేం?”

“నువ్వే వచ్చి సెప్తావనుకున్నాను.” ఆయన కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచారు. “వచ్చేవు కదా.”

ఆయన ఖాళీ చేసిన స్థానంలోకి ఎప్పుడో మరొక విద్యాధికుడు వచ్చారు, పాఠాలు సాగుతున్నాయి. కాని నా తప్పును అన్నేళ్ళు ఎరిగి ఉండి, నేను నోరు విప్పేదాకా వేచి ఉండగలిగిన మనిషి ఇక లేరు. ఆ మహనీయుని పాదాలకు నా ప్రణామం.