మేనకను మదురైకి ఇవ్వడమా, మానడమా

రంగనాయకి మా నాన్నకు అక్క, నాకు మేనత్త. ఎత్తు అయిదడుగుల పదకొండు అంగుళాలు. పళనివేల్ మామ ఆవిడ భుజం దాకా వస్తాడు. పెళ్ళి ఫోటోలో మామను స్టూలు ఎక్కించారని మా నాన్న ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. అది పచ్చి అబద్ధం. స్టూలు కాదు, రెండు ఇటుకలు.

అంత ఎత్తున్న పిల్ల కోయంబత్తూరులో పుడితే బాస్కెట్‌బాల్ ఆడక చస్తుందా! అత్త కాలేజీలోనూ ఆడింది, జిల్లా జట్టులోనూ ఆడింది. ఆడింది అని మర్యాదకు అంటున్నాను. బుట్ట కింద ఆడే సెంటర్ చోటులో ఆవిడకన్నా బాగా ఆడేది ఒకావిడ ఉండేది కాబట్టి అత్త ఆరేళ్ళు బెంచీ మీదే కూర్చుంది. ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఇప్పుడు అదే ఊళ్ళో, పీళమేడులో మా క్లబ్బు ఆడపిల్లల జట్టుకు ఆవిడే కోచ్. క్లబ్బు ప్రెసిడెంటు మునిసామి మామకు పంపుసెట్ల విడిభాగాలు పోతపోసే ఫౌండ్రీ ఉంది. పిల్లలకు బూట్లూ, పొద్దున ఆట అయ్యాక ఇడ్లీలూ ఆయన ఖర్చు. నాది స్కోరు రాసే పని.

ఈ ఏడు మా జట్టుకు ఒక విచిత్రమైన కష్టం వచ్చింది. సెంటర్లు ఇద్దరైపోయారు. చారులత ఆరడుగుల అంగుళం, మేనక ఆరడుగులు. ఇద్దరి చోటూ బుట్ట కిందే. చారులత దిట్ట, అందులో వాదన లేదు. మేనకకు మ్యాచికి నాలుగైదు నిమిషాలు దొరికితే గొప్ప. పోనీ బంతి ముందుకు తెచ్చే గార్డు ఉందా అంటే, లేదు. సగం కోర్టు దాటేలోపే మా పిల్లల చేతుల్లోంచి బంతి లాక్కుపోతున్నారు. సరిగ్గా అప్పుడే మదురై క్లబ్బు కోచ్ పెరుమాళ్‌సామి ఫోన్ చేశాడు. వాళ్ళకు సెంటర్ లేదట. మేనకను వాళ్ళకిస్తే ఆరాయి అనే మంచి గార్డును మాకిస్తారట.

ఇద్దామా, వద్దా? తొమ్మిది రోజులు దీని మీదే వాదన. కోర్టు పక్కన రేకుల షెడ్డులో, పక్క బెంచీ మీద మేనక బూట్ల లేసులు కట్టుకుంటుండగానే, తెలుగులో.

మా వాళ్ళ ఈ అలవాటు గురించి చెప్పాలి. బయట అందరితోనూ తమిళమే. ఎదుటివాళ్ళకు తెలియకూడని మాట వస్తే మాత్రం ఇంటిభాషలోకి దూరతాం. బట్టల కొట్లో బేరం దగ్గరా, బస్సులో పక్కవాడి గురక గురించీ వాళ్ళ ముందే మాట్లాడుకుంటాం. తరతరాలుగా ఇంతే, సిగ్గన్నది లేదు. మేనక విరుదునగర్ వైపు పల్లెటూరి పిల్ల, మా క్లబ్బుకు వచ్చి ఏడాది అయింది. క్లబ్బు ఫారంలో మాతృభాష అన్న చోట తమిళం అని ఉంది. మాకది చాలు.

"ఒక ఒరలో రెండు కత్తులు పట్టవక్కా," అన్నాడు మునిసామి మామ మొదటి రోజే. "బంతి తెచ్చి ఇచ్చేదానికి ఆళు లేదు, బుట్ట కింద ఇద్దరు నిలబడి ఏమి చేస్తారు? పూజ చేస్తారా?"

"దీన్ని తీసుకొనిపోయి మదురైవాళ్ళు మాత్రం ఏమి చేస్తారు?" అంది అత్త. "చేతికి వెన్న పూసుకొని వచ్చిన మాదిరి ఉండాది. బంతి వచ్చింది వచ్చినట్టే జారిపోతాది. వారంలో తిరిగి పంపించేస్తారు. మన మానమే పోతాది."

"చారులత కాలు రెండుసార్లు మడతపడింది కదా మామా," అన్నాను నేను. "మళ్ళీ పడితే ఎవరున్నారు?"

"వాన వస్తాదని ఏడాదంతా గొడుగు విప్పుకొనే తిరుగుతామా రా?"

అదీ నిజమే అనిపించింది. నేను గోడ మీద పిల్లిని. ఎవరు మాట్లాడితే వాళ్ళదే న్యాయంగా తోస్తుంది.

కానీ అత్త మాటలు నాకు మింగుడు పడలేదు. రోజూ అందరికన్నా గంట ముందు వచ్చి మేనకకు విడిగా నేర్పేది ఈవిడే. బుట్టకు వీపు పెట్టి నిలబడి ఏ భుజం మీదుగా తిరగాలో, బోర్డుకు ఎక్కడ కొడితే బంతి లోపలికి పడుతుందో, ఒక్కోటి వందసార్లు చేయించేది. ఆ పిల్ల చేతుల్లో వెన్న లేదని నాకన్నా ఆవిడకే బాగా తెలుసు. ఇంటికి పోతూ అడిగేశాను.

"నీకు బుద్ధి ఉండాదా సతీషూ? పిల్ల బాగా ఆడతాది అంటే మునిసామి ఈ దినమే పంపించేస్తాడు." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది, "పంపించేస్తే పిల్ల ఏమనుకుంటాది? వద్దని తోసేసినారు అనుకోదా? నేను ఆరేళ్ళు కూచోలేదా? ఏమైపోతిని?"

ఆవిడ పట్టుదల మా ఇంట్లో అందరికీ తెలిసిందే.

పదో రోజు పొద్దున పెరుమాళ్‌సామి మదురై నుంచి బస్సులో వచ్చాడు. తిరుమంగలం దగ్గర నల్లరేగడిలో పత్తి వేసే రైతు, చేను పని లేని వేళ కోచింగ్. మేనక ఆట గంటసేపు నిలబడే చూశాడు. తర్వాత షెడ్డులో కూర్చుని అందరం తమిళంలో మర్యాదగా మాట్లాడుకున్నాం. టీ వచ్చింది. మునిసామి మామ గ్లాసు అందుకుంటూ అత్త వైపు తిరిగి మామూలుగానే తెలుగులో అందుకున్నాడు.

"ఈయన్ని చూస్తే బేరం తెలిసిన ఆళు మాదిరి లేదక్కా. ఆరాయితో పాటు ఇంకో పిల్లని కూడా అడుగుదామా?"

"ఈ వెన్నచేతుల దానికి ఒక్కతెని ఇచ్చేదే ఎక్కువ. ఊరికే ఉండు," అంది అత్త.

పెరుమాళ్‌సామి టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఒక్కతెనే ఇస్తామండి," అన్నాడు చక్కటి తెలుగులో. "రెండో పిల్ల మాకే కావల్ల."

మునిసామి మామ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"మా ఇంట్లో మాట్లాడేది ఇదే కదండి," అన్నాడు ఆయన నవ్వుతూ. "ఆ పిల్లది మా అక్కను ఇచ్చిన ఊరే. వాళ్ళ ఇంట్లోనూ ఇదే మాట."

అందరం ఒక్కసారిగా మేనక వైపు చూశాం. మేనక వంగి, ఎప్పుడో కట్టేసిన లేసును విప్పి మళ్ళీ కడుతోంది.

తొమ్మిది రోజుల మాటలేనా, ఏడాది పొడవునా అన్న మాటలు! ఆ పిల్ల పదకొండు ఇడ్లీలు తింటుందని లెక్కపెట్టి నవ్విందీ, ఇంత పొడుగుకు మొగుణ్ణి ఎక్కడ తెస్తారని ఆరాటపడిందీ, అన్నీ ఆ బెంచీకి రెండు అడుగుల దూరంలోనే. మునిసామి మామ బండి తాళం వేశానో లేదో చూసొస్తానని లేచి పోయాడు. పిరికివాడు. ముప్పై ఒక్క ఏళ్ళు వేలమంది పిల్లల్ని గదమాయించిన అత్త భయపడడం నేను ఆ రోజే చూశాను.

అత్త లేచి వెళ్ళి మేనక పక్కన కూర్చుంది.

"నీకు అంతా అర్థమైనాదా?"

"అయినాది పెద్దమ్మా." అప్పటిదాకా ఆ పిల్ల ఆవిడను మేడమ్ అనే పిలిచేది.

"ఎందుకు చెప్పలేదు?"

"మొదటి దినమే చెప్పల్ల అనుకుంటిని. అప్పటికే నా కాళ్ళు కొంగకాళ్ళని మీరు అనేస్తిరి. ఆ మీద చెప్తే మీకు సిగ్గు కదా అని ఊరికే ఉంటిని."

అత్త ఇంకా దగ్గరికి జరిగింది. "వెన్నచేతులు అంటిని. వారంలో తిరిగి పంపిస్తారు అంటిని. అదంతా... మనసులో నుంచి అన్నది కాదమ్మా."

"తెలుసు పెద్దమ్మా."

"ఎట్ల తెలుసు?"

మేనక మొదటిసారి తలెత్తింది. "మా ఇంట్లో ఎద్దులు ఉండాయి కదా. సంతకు తోలేదాన్నే మా అవ్వ ఊరంతా వినేట్టు పొగుడుతాది. పంపకూడదు అనుకున్నదాన్ని ఎవరైనా అడిగితే, అది కుంటిది, తన్నుతాది అని వెయ్యి చెప్తాది. మీరు నన్ను తిట్టేకొద్దీ నాకు దిగులు, పెద్దమ్మా. ఈమె నన్ను వదలనే వదలదు అని."

పెరుమాళ్‌సామి పకపకా నవ్వాడు. నాకూ ఆగలేదు. అత్త నవ్వలేదు.

"అంటే నీకు పోవాలని ఉండాదా?"

మేనక లేసు ముడిని మళ్ళీ బిగించింది.

"నేను ఇన్ని దినాలు అడగనే లేదు. ఇప్పుడు అడుగుతా ఉండాను. నీకేమి కావాల?"

"ఆడల్ల," అంది మేనక. "మ్యాచి మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఆడల్ల."

"రెండేళ్ళలో చారులత చదువు అయిపోతాది. అప్పుడు చోటు నీదే కదా."

"మీరు ఇంత నేర్పిస్తిరి. రెండేళ్ళు కూచుంటే అదంతా మరిచిపోతాను పెద్దమ్మా. ఇక్కడ ఉండిపోతే మీరు సంతోషపడతారని ఇన్ని దినాలు నేనూ నోరు తెరవలేదు."

ఒకరికి కష్టమవుతుందని ఇంకొకరు, ఇద్దరూ కలిసి ఇన్ని రోజులు పాడుచేశారు. నాకు కోపం రావాలి, కానీ గుండె మీంచి బండరాయి దించినట్టయింది. పిల్ల మనసు విరగలేదు. అంతే చాలు అనుకున్నాను. కానీ అత్త ఇంకా తన చేతుల వైపే చూసుకుంటూ కూర్చుంది.

"నన్ను కూడా ఒకసారి అడిగినారు," అంది చివరికి. ఎవరితో అంటుందో తెలియలేదు. "నాకు ఇరవై రెండేళ్ళు. తిరుచ్చి జట్టువాళ్ళు వచ్చి, మీ రెండో సెంటర్‌ని ఇస్తారా అని అడిగినారంట. మావాళ్ళు ఇచ్చేది లేదు అన్నారంట. నాకు ఆ సంగతి తెలిసేటప్పటికి మోకాళ్ళు పోయి, ఆట మానేసి పదేళ్ళు. ఒక్కరంటే ఒక్కరు నన్ను అడగలేదు."

ఈ మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పళనివేల్ మామకు కూడా చెప్పలేదట.

"అడిగి ఉంటే పోయుందువా అత్తా?" అన్నాను.

"పరిగెత్తి పోయుందును రా," అంది. "చెప్పులు కూడా వేసుకోకుండా పోయుందును."

కొంగుతో కళ్ళు తుడుచుకుని నా జేబులోంచి పెన్ను లాక్కుంది. పెరుమాళ్‌సామి తెచ్చిన బదిలీ కాగితం తీసుకుని, మునిసామి మామ బండి దగ్గర్నుంచి వచ్చేలోపే సంతకం పెట్టేసింది. పెట్టి, హమ్మయ్య అని గట్టిగా పైకే అంది. మేనక ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసింది. నేను మునిసామి మామను పిలిచి, ఆయన సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.