దుంపకు ఎండ తగలాలి

మా జూలూరుపాడు వైపు మిరప, పసుపు పండించేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. ఏ మొక్క మొదలు బయటికి కనిపించినా మట్టి ఎగదోయకుండా ఉండలేరు. మా పెద్ద తోడికోడలయితే మా ఇంటికి చాయ్ తాగడానికి వచ్చి కూడా ఆ పని చేసి పోయేది. మిగతా మొక్కలకు సరే. నా పూలమొక్క ఐరిస్‌కు మాత్రం అది చావు. దాని దుంప సగం నేలపైన ఉండి ఎండ కాగాలి. కప్పితే వానాకాలంలో కుళ్ళిపోతుంది.

ఆ మొక్కలు మా ఆయన నాటినవి. నారింజ రంగు పూలు, వాటి మీద ఎర్రటి చుక్కలు. ఆయన పోయాక వచ్చిన వానల్లో ఒక్క గుబురు తప్ప అన్నీ కుళ్ళాయి. దుంప ముక్క తీసి వేరేచోట నాటితే దానితోపాటు కుళ్ళు కూడా వెళ్తుంది. అందుకే కాయల్ని విత్తనం కట్టనిచ్చి, ఆయన సమాధి దగ్గర చల్లాలనుకున్నాను. ఈ గుబురూ పోతే ఆయన చేత్తో నాటింది ఇక ఏదీ మిగలదు.

పూసినప్పుడు చర్చివాళ్ళు అలంకరణకు పూల కాడలు అడిగారు. ఇవ్వలేదు. పువ్వు కోస్తే విత్తనమెక్కడిది? మొహాలు మాడ్చుకుని వెళ్ళారు, వెళ్ళనీ.

కాయలు పడుతున్న రోజుల్లో ఆకుల మొదళ్ళు పసుపెక్కాయి. దుంపను నొక్కితే వేలు దిగబడింది, కుళ్ళు వాసన కొట్టింది. చూస్తే మొదలు చుట్టూ మళ్ళీ మట్టి, పైన పేడ ఎరువు.

"పాపం, దుంప బయటపడ్డదని నేనే కప్పిన చెల్లె," అంది తోడికోడలు. "పీకి పారెయ్యి. బంతి నారు ఇస్త."

నాకు ఒళ్ళు మండింది. "పీకను. నువ్వు దీన్ని ముట్టకు అక్కా."

"గంత కోపమేంది? మొక్కనే గదా!"

మొక్కే. అయినా పీకలేదు. వేళ్ళు కదలకుండా మట్టంతా తీసేసి, మెత్తబడిన చోటల్లా చెంచాతో గీకాను, గట్టి తెల్లటి భాగం తగిలేదాకా. చుట్టూ కంకర, ఇటుక ముక్కలు పోసి నీళ్ళు జారిపోయేలా చేశాను. వానొస్తే పైన రేకు పెట్టాను, ఎండొస్తే తీశాను. దారిన పోయేవాళ్ళు చూసి నవ్వుకున్నారు. ఒక్క కాడ తప్ప అన్నీ ఒరిగిపోయాయి. ఆ కాడ మీది కాయలు ఎండి పగిలితే, లోపల మిరియాల్లాంటి నల్లటి గింజలున్నాయి.

సమాధుల పండుగకు అందరూ పూలదండలు తెచ్చారు.

"మరిది సమాధికి ఒక్క పువ్వన్న తేకపోతివేంది చెల్లె?" అని తోడికోడలు అందరి ముందే అడిగింది.

పిడికిలి విప్పి గింజలు చూపించాను. నేను సమాధి పక్కన కూర్చుని వేలితో నేల గీసి గింజలు వేశాను. ఆయన్ని పూడ్చిన రోజు అందరూ నన్ను ఓర్చుకోమన్నారు. మొక్కలు కుళ్ళినప్పుడూ అదే మాట. ఓర్చుకుని కూర్చుంటే ఇవాళ ఆయన దగ్గరికి నిజంగానే వట్టి చేతులతో వచ్చేదాన్ని.