సగమైన మాట

హనుమకొండలోని మా బట్టల దుకాణానికి కొత్తగా ఫోను కనెక్షను వచ్చినప్పుడు, అదే తీగను మేడమీది గదికి లాగి రెండో ఫోను పెట్టిన లైన్‌మన్ నాకు ఇప్పటికీ గుర్తొస్తాడు. పరీక్షించడానికి ఎక్స్ఛేంజీకి ఫోను చేసినప్పుడు ఆయన హలో అనేవాడు కాదు. "ఏమన్నా, తిన్నవా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా నవ్వుతూ ఆగేవాడు.

"ఒక్క లైను మీద రెండు ఫోన్లు సేటూ. రెండూ ఒక్కసారి ఎత్తితే మాట సగమైతది. మీదికి వేరే లైను తీసుకుంటే ఫికరుండదు," అని నాన్నకు ముందే చెప్పాడు. నాన్న వినలేదు.

మనుషులతో మాట్లాడలేని నాకు దూరపు గొంతులు వినడం ఇష్టం. హైదరాబాదు నుంచి ట్రంకు కాల్ రాగానే మేడమీద చప్పుడు కాకుండా ఫోను ఎత్తేదాన్ని. కింద నాన్నకు మాట సరిగా వినబడేది కాదు. పాపం, లైన్‌మన్ ఎండలో మూడుసార్లు స్తంభమెక్కి దిగాడు.

నాలుగోసారి నాన్న, "గిట్లయితే నీ మీద పెద్దాఫీసుకు కాగితం రాస్త," అన్నాడు.

లైన్‌మన్ మేడమీదికి వచ్చాడు. "మీద ఎవ్వరన్న ఎత్తుతున్నరా బిడ్డా?" అని అడిగాడు. వెనకే నాన్న ఉన్నాడు. లేదని తల ఊపాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, "జాయింటు నేనే సరిగ కట్టలే సేటూ. తప్పు నాదే," అన్నాడు.

ఆ తర్వాత నేను ఫోను ముట్టలేదు. మాట నిండుగా వినబడసాగింది.

"చూసినవా, బెదిరిస్తెనే పని చేసిండు. ఊకె వదిలితే మళ్ల గట్లనే చేస్తడు," అన్నాడు నాన్న. నా దస్తూరీ బాగుంటుందని ఆ ఫిర్యాదు నాచేతే రాయించాడు.

రాశాను.