గ్రంథి నేర్పని మాట

అశోక్‌నగర్‌లో మేము కింది వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. డాబా మీది ఒంటిగదిలో, మహబూబ్‌నగర్ వైపు పల్లె నుంచి గ్రూప్స్‌కు చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి ఉండేది. తెల్లవారగానే పుస్తకం పట్టుకుని డాబా మీద అటూ ఇటూ నడుస్తూ పైకి చదివేది. చెవిన పడితే తప్ప తనకేదీ గుర్తుండదని వచ్చిన కొత్తలోనే చెప్పింది. పత్రికలో వార్తలు దిద్దే రాత్రి డ్యూటీ చేసి వచ్చే నాకు రాజ్యాంగ సవరణలు వింటూ నిద్రలోకి జారుకోవడం అలవాటైంది. లేచాక సంపాదకీయం పేజీ ఆమె కోసం విడిగా తీసిపెట్టేవాణ్ని.

2012 ఎండాకాలంలో నాకేదో అయింది. ఎంత తిన్నా చిక్కిపోతున్నాను. ఫ్యాను కింద కూర్చున్నా చెమట. పడుకుంటే నా గుండె చప్పుడు నాకే వినిపించేది. చిక్కడపల్లిలో ఒక ఆటో రాసుకుపోయిందని డ్రైవర్ మీదికి వెళ్లబోతే నా భార్య చెయ్యి పట్టి లాగింది.

“జర ఆగుండ్రి! మీరు గిట్ల లేకుండె” అంది.

ఆ వారంలోనే ఒక ఉదయం, నిద్ర పట్టక, విసురుగా డాబా ఎక్కాను.

“ఈ అరుపులకే ఉద్యోగాలు వస్తాయా? ఊళ్లో మేకలు కాసుకోక ఇక్కడికెందుకొచ్చావు?”

ఆ అమ్మాయి పుస్తకం మూసింది. “సరే సార్” అంది. అంతే. నెల తిరగకముందే గది ఖాళీ చేసి హాస్టల్‌కు వెళ్లిపోయింది. పరీక్ష దగ్గర పడుతున్న రోజులవి.

నారాయణగూడలో డాక్టరు నన్ను చేతులు చాపమని, వాటి మీద ఒక కాగితం పెట్టాడు. కాగితం గాలికి ఊగినట్టు వణికింది. రక్తపరీక్ష చూసి, థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోందన్నాడు. ఆ హార్మోన్ ఎక్కువైతే ఒళ్లంతా పరుగు మీద ఉంటుందట. నిద్ర పట్టకపోవడం, చిరాకు, కోపం అన్నీ అందులో భాగమేనట.

“నేను చెప్పలే? మనిషి మంచోడే డాక్టర్‌గారూ” అని నా భార్య కళ్లొత్తుకుంది. నిర్దోషినని తీర్పు విన్నవాడిలా నేను బయటికొచ్చాను.

మందులతో చేతుల వణుకు తగ్గాక, దాచిన సంపాదకీయం పేజీలు తీసుకుని, ఆమె రోజూ చదువుకునే చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లాను. ఆ అమ్మాయి ఆవరణలో చెట్టు కింద నిలబడి చదువుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం లేదు.

“బాగున్నరా సార్? చిక్కిపోయిండ్రు.”

జబ్బు సంగతి చెప్పాను. ఓపిగ్గా వింది.

“గది ఇంకా ఖాళీగానే ఉందమ్మా. వచ్చెయ్. మునుపటిలా పైకి చదువుకోవచ్చు.”

“హాస్టల్‌ల నోరు తెరిస్తే ‘ఏందే రేడియో, బంద్ చెయ్’ అంటున్రు సార్” అని నవ్వింది. తర్వాత పుస్తకంలో వేలు పెట్టుకుని అడిగింది: “గంత కోపముండె గదా. పొద్దుగాల ఓనర్ సార్ నీళ్ల మోటర్ ఏస్తడు, ఇల్లంత అదురుతది. ఆయన్నేమన్న అన్నరా?”

“లేదు.”

“మేకలు కాసుకొమ్మన్న మాట గూడ గోలీతోని పోతదా సార్?”

గుండెను పరిగెత్తించింది గ్రంథే. ఓనర్ ముందు నోరు మూసుకోవాలని, ఈ పిల్ల ముందు తెరవొచ్చని దానికి తెలియదు. మేకల మాట దానికి అసలే తెలియదు.

“ఇప్పుడు ఆడికొచ్చినా, కింద మీరు ఇంటున్నరనిపిస్తది. నోరు లేవదు సార్” అంది.

పేజీలు మాత్రం తీసుకుంది. మడత విప్పి, పైనున్న తేదీ చూసి, మొదటి పేరా మీద చూపు నిలిపింది. పెదవులు మళ్లీ చప్పుడు లేకుండా కదిలాయి.

ఇల్లు చేరేసరికి నా భార్య పక్కింటామెతో గేటు దగ్గర మాట్లాడుతోంది. “థైరాయిడ్ వల్ల గట్లన్నడు గని, లేకుంటే ఆ పిల్లనంటే మస్తు ఇష్టం ఆయనకు” అంటోంది. ఊళ్లోవాళ్ల వాక్యాలన్నీ దిద్ది బతికినవాణ్ని. ఆ వాక్యాన్ని దిద్దకుండా లోపలికి వెళ్లాను.