అవతలి పార్టీ తాత

ఆ రోజుల్లో నా దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులు: మా పార్టీ వాళ్లు, ఇంకా కళ్లు తెరవని వాళ్లు. కొత్త రాష్ట్రం వచ్చిన ఊపు తగ్గలేదు. నేను డిగ్రీ ముగించి, చిన్నప్పటి నుంచీ చదివిన హాస్టళ్లకు సెలవు చెప్పి, మోత్కూర్ దగ్గరి మా ఊరికి వచ్చాను. "రెండు పార్టీలకు తేడా ఏమున్నదిరా, జెండా రంగు తప్ప" అని ఎవరైనా అంటే రెండు రోజులు వాళ్లతో మాట్లాడేవాణ్ణి కాదు. (వాళ్లకది లోటుగా ఉన్నట్టు ఎప్పుడూ కనిపించలేదు.) నా ఆవేశానికి ముచ్చటపడి మా కాక నన్ను పోలింగ్ ఏజెంటును చేశాడు. ఊరు విడిచిపోయినవాళ్ల పేర్లు రాసిన చీటీ ఇచ్చి, "గీ పేర్ల మీద ఎవలొచ్చినా లేసి ఆపు. ఒక్క దొంగ ఓటు పడొద్దు" అన్నాడు.

బడిగదిలో నా పక్కనే, అదే బెంచీ మీద అవతలి పార్టీ ఏజెంటు, గొర్ల తాత. ఆయన వైపు చూడకూడదని ఇంట్లోనే తీర్మానించుకుని వెళ్లాను. పోలింగుకు ముందు, మిషన్ పనిచేస్తుందో లేదో చూసేందుకు మాతో ఉత్తుత్తి ఓట్లు వేయించారు. నా వంతు వచ్చినప్పుడల్లా మా గుర్తే నొక్కాను. మా పార్టీ ఘనంగా ముందుంది. అంతలో ఆఫీసరు వాటిని తుడిచేయబోతే నేను లేచి, "మా ఓట్లు ఎట్ల తీసేస్తరు సార్?" అని నిలదీశాను. తాత నా చొక్కా అంచు పట్టి కిందికి లాగాడు. "కూసో బిడ్డా. అసలువి ఇంక మొదలే కాలే" అన్నాడు, నవ్వకుండా. ఆయన నవ్వనందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

మధ్యాహ్నం ఒక అవ్వ వచ్చింది. కాళ్లనిండా దుమ్ము. కార్డు మీది ఫొటోలో బూరెబుగ్గల మనిషి, ఎదుట ఎండిపోయిన ముసలామె. చీటీ చూశాను. ఆ పేరుంది. ఇంకేం, ఉత్సాహంగా లేచి, "ఈమె ఆమె కాదు" అన్నాను. అవ్వ ముఖం చిన్నబోయింది. "మందను అచ్చంపేట దిక్కు ఇడిసిపెట్టి, రెండు బస్సులు మారి వచ్చిన కొడుకా. నా ఓటు నాకియ్యరా?" అంది. ఆఫీసరు పొరుగు జిల్లా మనిషి, ఆయనకెవరూ తెలియదు. తాత వైపు తిరిగి, "మీరు గుర్తుపడతారా?" అన్నాడు.

తాత లేచి నిలబడ్డాడు. "ఎరుకే సారూ. మా వాడకట్టు ఆమెనే. గీ పిలగాడు హాస్టళ్ల పెరిగిండు, గామె ఎవలో ఎరుకలేదు. గామె ఓటు మాత్రం మాకెయ్యదు, వీళ్లకే ఏస్తది. అయినా గామె ఓటు గామెదే."

అవ్వ ఓటేసి, నా వైపు చూడకుండానే వెళ్లిపోయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కాసేపటికి తాత జొన్నరొట్టె విప్పి సగం నా ముందు పెట్టాడు. "ఊకుంటే మీకే లాభం కద తాతా?" అన్నాను.

"గామెను బయటికి ఎల్లగొట్టి గెలిస్తే, నేను ఎవల మీద గెలిచినట్టు?" అన్నాడు.

ఆ ఎన్నికల్లో తాత మనిషే గెలిచాడు. ఏడాది తిరగకముందే మా కండువా కప్పుకున్నాడు. నిన్నటిదాకా ఆయన్ని తిట్టిన మా కాక పూలదండ పట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు. నేను మాత్రం తాత దగ్గరికి వెళ్లాను. "మీ నాయకుడే ఇటొచ్చిండు, రెండు పార్టీలు ఒక్కటే కద తాతా, నువ్వు గిట రావొచ్చు కద?" అని అడిగాను. తాత గొర్రెపిల్లకు పాలు పట్టిస్తూనే, "మీవోళ్లు ముందుగాల రోడ్డేసిండ్రు. మావోళ్లు ముందుగాల బోరేసిండ్రు. నాకు నీళ్లు ముందు. నాయకుడు పోతే పోనీ, నా దూప పోలే" అన్నాడు. అంత చదివిన నాకు ఆ తేడా అప్పుడు తెలిసింది.

అయినా నా పార్టీ నేను మారలేదు. నాకు రోడ్డే ముందు, ఊరు దాటితేనే చదువు దొరికిన హాస్టల్ బతుకు కదా. మొన్నటి ఎన్నికలకు తాత మోకాళ్లు మొరాయించాయి. నా బండి మీద ఎక్కించుకుని పోలింగ్ బూత్‌కు తీసుకెళ్లాను. మాకు వ్యతిరేకంగా ఒక ఓటును మోసుకొస్తున్నందుకు మా కాక గేటు దగ్గరే మొహం తిప్పుకున్నాడు. "గాయనకు కోపమొచ్చింది, నువ్వు లోపలికి రాకు బిడ్డా" అన్నాడు తాత. బయటే నిలబడి, మా పార్టీ గెలవాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. కాకపోతే తాత ఓటేసి వచ్చిన తర్వాతే.