సత్వా గది గుమ్మంలో ఖాదర్ భాయ్

దెయ్యాలంటే నాకు నవ్వు. శ్మశానం పక్క సైట్లో పనిచేసిన రోజుల్లో కూడా కంటినిండా నిద్రపోయినవాణ్ణి. మీరు నమ్మరని తెలిసీ ఇది చెబుతున్నాను, అక్కడున్నది నేనే కాబట్టి.

2006లో దుబాయ్ సత్వాలో ఒక పాత విల్లా గదిలో ఉండేవాణ్ణి. ఆ గదిలో ఐదుగురం, అందరం తాగుడు మానినవాళ్లమే. మాకు పెద్ద ఖాదర్ భాయ్. కడప మనిషి, పొట్టివాడు, ఏసీ మెకానిక్. ఆయనా ఒకప్పుడు తాగి ఉద్యోగం పోగొట్టుకున్నవాడే. ఆయన పెట్టిన నియమం ఒకటే. పని నుంచి రాగానే గుమ్మంలో ఆయన ముఖం మీద ఊదాలి. వాసన వస్తే మంచం ఖాళీ చేయాలి.

"ఊదప్పా" అనేవాడు. ఆయన గాలి పీలిస్తే ముక్కులో సన్నగా ఈల మోగేది. "ఖలాస్, పో లోపలికి."

నా తర్వాత చేరిన కరీంనగర్ వెంకటేశ్‌ని మాత్రం ఊదమనేవాడు కాదు. భుజం తట్టి పంపేసేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. నేనేం పాపం చేశాను, వాడేం పుణ్యం చేసుకున్నాడు?

ఆ ఎండాకాలం ఖాదర్ భాయ్ పనిలోనే గుండె ఆగి పోయాడు. శవాన్ని ఊరికి పంపాం. అంతలో మునిసిపాలిటీ వాళ్లు గదుల్లో జనాన్ని తగ్గించమన్నారని, మాలో ఒకరు వెళ్లిపోవాలని విల్లా యజమాని చెప్పాడు. పోవాల్సింది చివర చేరిన నేనో, వెంకటేశో. భాయ్ నమ్మిన మనిషని మిగతా ఇద్దరూ వెంకటేశ్ వైపే ఉన్నారు. ఆ గది దాటితే మళ్లీ సీసా పట్టుకుంటానని నాకు భయం.

ఒక సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, వెంకటేశ్ వెనకే నేనూ వచ్చాను. వాడు తాళం తీశాడు. లోపల ఎవరూ లేరు. గుమ్మంలో ఆగి, పొట్టి మనిషి ముందు వంగినట్టు వంగి, నోరు తెరిచి ఊదాడు. అప్పుడు ఆ ఈల వినిపించింది. ఈ రెండు చెవులతో విన్నాను.

వాడు నా వైపు తిరిగాడు. "అన్నా, భాయ్ ఊదుమన్నడు. అజ్మాన్ల దోస్తు రూంల తాగొచ్చిన."

మర్నాడు వాడే మంచం ఖాళీ చేశాడు. చోటు నాకు దక్కింది. సంతోషం మాత్రం కలగలేదు. బతికుండగా రోజూ నన్ను అనుమానించిన మనిషి, చచ్చాక వాడి కోసం వచ్చాడు.

తర్వాత ఎన్నోసార్లు, ఎవరూ లేనప్పుడు, అదే గుమ్మంలో వంగి ఊదాను. ఏమీ వినపడలేదు. నువ్వు మళ్లీ ముట్టవని ఆయనకు నమ్మకం, అందుకే రాలేదంటుంది నా భార్య. కావచ్చు. ఆ ఈల ఎక్కడిదో ఇప్పటికీ చెప్పలేను. వెంకటేశ్ అంటే మాత్రం ఇప్పటికీ కుళ్లే.